చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి ‘మ్యాన్’ పేజీ దాకా

అశోక్ నగర్‌లో పెరిగిన మనకు సొంతంగా చదువుకోవడం కొత్త కాదు. ఉద్యోగ పరీక్షలకు చదివే అన్నలు పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ పట్టుకోవడం చూస్తూనే పెరిగాం. కానీ 1990ల చివర సర్వర్ల నిర్వహణ నేర్చుకోవాలంటే ఆ దారి సరిపోయేది కాదు. యూనిక్స్ పుస్తకం కొనాలంటే ఖరీదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతది దొరికితే అదృష్టం. లేదంటే అమీర్‌పేటలో ఫీజు కట్టాలి.

నిజానికి పాఠం యంత్రంలోనే ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌కు 1971 నవంబరులో తొలి మాన్యువల్ వచ్చింది. ‘మ్యాన్’ అని కొట్టి, పక్కన కమాండ్ పేరు రాస్తే వివరమంతా తెర మీదికి రావడం ఆ వారసత్వమే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ తెచ్చాక సిస్టమే ఉచితమైంది. 1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్ సామాన్యులకు అందింది. 2014లో లినక్స్ ఫౌండేషన్ పరిచయ కోర్సు ఎడెక్స్‌లో ఉచితంగా వచ్చింది.

ఇప్పుడు కొరత లేదు, ఎంపికే చిక్కు. పాత వీడియోలోని కమాండ్ కొత్త వెర్షన్‌లో పనిచేయకపోవచ్చు. అందుకే ముందు ఆ సిస్టమ్ అధికారిక డాక్యుమెంటేషన్, తర్వాత ఒక్క కోర్సు, ఆపైన వర్చువల్ మెషీన్‌లో పాడుచేసి మళ్లీ బాగుచేసుకోవడం.

ఒక అడ్డు మాత్రం మిగిలింది. ఆ పేజీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మనలో ఆ పని తెలిసినవాళ్లు నెలకొక శనివారం బడికొచ్చి, పిల్లల పక్కన కూర్చుని ఒక్కో పేజీ తెలుగులో విప్పి చెబితే, బడి రుణం కొంతైనా తీరుతుంది.