ఊపిరికి ఒక కొలత



కన్నడంలో ఊపిరిని ‘ఉసిరు’ అంటారు. మన తెలుగులో ‘ఉసురు’ అంటే ప్రాణం. రెండు భాషలూ ఒకే వీధిలో మెలిగే మన కోలారు జిల్లావారికి ఈ మాటల చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో ఈ రెండు మాటలకూ ఒకటే అర్థం. అలాంటి పసికందుకు ఊపిరి అందించే విద్య ఎలా పుట్టింది, ఎక్కడ దారి తప్పింది, మన వంటి ఊళ్లకు చేరడానికి దానికి ఏం కావలసి వచ్చింది అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

గాలిని యంత్రాలతో పంపడం కోలారు బంగారు గనులకు కొత్త సంగతి కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడికి వచ్చిన తరువాత గనులు ఏటికేడు లోతుకు దిగాయి. చాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. అంత లోతున రాయే కాగుతూ ఉంటుంది. మంచిగాలి దానంతట అది అక్కడికి చేరదు. అందుకే ఒక షాఫ్టులో గాలిని దించి మరొక షాఫ్టులో పైకి లాగే ఫ్యాన్లు, గాలిని చల్లబరిచే యంత్రాలు పెట్టారు.

అయితే గాలితోపాటు సన్నని రాతిధూళి కూడా కార్మికుల గుండెల్లో చేరింది. 1940లలో వేలాదిమంది గని కార్మికులను పరీక్షిస్తే నూటికి 43 మందికి పైగా సిలికోసిస్ జబ్బు ఉన్నట్టు తేలింది. పనిచేసిన రోజున తెలియని హాని ఏళ్లు గడిచాక దగ్గు రూపంలో బయటపడింది. ఊపిరి నిలిపే గాలే మెల్లగా ఊపిరి తీయగలదని ఈ ఊరు చూసింది. ఈ మాట మీరు గుర్తుంచుకోండి. పసిబిడ్డల కథలోనూ ఇదే ఎదురవుతుంది.

గనులకూ పసిబిడ్డలకూ నేరుగా ఒక సంబంధం ఉంది. జర్మనీలోని లూబెక్ పట్టణంలో హైన్రిక్ డ్రేగర్ 1907లో ‘పల్మోటర్’ అనే యంత్రాన్ని రూపొందించాడు. విషవాయువు పీల్చి పడిపోయినవారికి ప్రాణవాయువును ఊది, తిరిగి లాగే పెట్టె అది. గని ప్రమాదాల్లో దానిని విస్తారంగా వాడారు. పుట్టగానే ఏడవని శిశువులకూ అటువంటిదే వాడి చూశారు. కాని లేత ఊపిరితిత్తి గురించి ఇంకా ఏమీ తెలియని కాలమది.

‘ఊపిరితిత్తి’ అన్న మాటలోనే తిత్తి ఉంది. కమ్మరి కొలిమితిత్తి లాగా అది నిండి, ఖాళీ అవుతూ ఉంటుందని మన పెద్దలు గ్రహించారు. కాని అది ఒకే తిత్తి కాదు. లోపల కంటికి కనబడని గాలి అరలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటి గోడలు తడిగా ఉంటాయి. తడిసిన రెండు ప్లాస్టిక్ కాగితాలు ఎలా అతుక్కుపోతాయో, ఆ గోడలూ అలాగే అతుక్కుపోవాలి. అలా కాకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే జిగురులేని పూత. బిడ్డకు 34, 35 వారాలు నిండేసరికి ఆ పూత సాధారణంగా చాలినంత తయారవుతుంది. అంతకు ముందే పుట్టిన బిడ్డకు అది చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ అరలు ముడుచుకుపోతాయి. మళ్లీ ప్రతిసారీ కొత్త బెలూన్ ఊదినంత శ్రమ. కొన్ని గంటల్లో బిడ్డ అలసిపోతుంది.

ఈ పూత లోపమే అసలు కారణమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ తెలియజేశారు. తెలిసినంత మాత్రాన వైద్యం దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. బరువు 2 కిలోలకు పైనే. అధిక పీడనంతో ప్రాణవాయువు నింపిన గదిలో పెట్టినా ఆ బిడ్డ 39 గంటలే బతికాడు. ఒంటి చుట్టూ ఎంత పీడనం ఉన్నా లోపలి అరలు తెరుచుకోవు. పీడనం ఉండవలసింది ఊపిరితిత్తి లోపల.

దారి చూపింది ఆ బిడ్డల మూలుగే. ఊపిరాడని పసికందు వదిలే ప్రతి శ్వాసకూ సన్నగా మూలుగుతుంది. అది నొప్పి వల్ల వచ్చే మూలుగు కాదు. గొంతును కాస్త బిగించి, గాలిని లోపల కొంత నిలుపుకునే ప్రయత్నం. బిడ్డ తనకు తాను చేసుకుంటున్న ఆ వైద్యాన్నే యంత్రంతో చేయవచ్చునని శాన్ ఫ్రాన్సిస్కోలో డాక్టర్ జార్జ్ గ్రెగరీ బృందం నిరూపించింది. ఎడతెగని స్వల్ప పీడనంతో గాలి అందించగా, పరిస్థితి విషమించిన 20 మందిలో 16 మంది బతికారని వారు 1971లో ప్రకటించారు. దీనినే సీప్యాప్ అంటారు.

దీని సూత్రం మా బడిపిల్లలకు ఒక గ్లాసు నీళ్లతో చెబుతూ ఉంటాను. మీరూ ఇంట్లో చేసి చూడండి. స్ట్రా కొనను నీళ్లలో కొద్దిగా ముంచి ఊదండి, బుడగలు తేలికగా వస్తాయి. ఇంకా లోతుకు ముంచండి, ఊదడం కష్టమవుతుంది. స్ట్రా ఎంత మునిగితే అంత పీడనం. ఆసుపత్రిలో బబుల్ సీప్యాప్ చేసేది ఇదే. బిడ్డ ముక్కుకు గాలి అందించే గొట్టం రెండో కొన సీసా నీళ్లలో సుమారు 5 సెంటీమీటర్లు మునిగి ఉంటుంది. ఆ 5 సెంటీమీటర్ల నీటి బరువే బిడ్డ గాలి అరలను మూసుకోకుండా పట్టి ఉంచుతుంది.

పీడనం కొలత దొరికింది. మరి ప్రాణవాయువు కొలత? ఇక్కడే గనుల కథ మళ్లీ గుర్తుకు రావాలి. 1940లలో పాశ్చాత్య దేశాల ఆసుపత్రులు నెలలు నిండని పిల్లలకు ధారాళంగా ప్రాణవాయువు ఇచ్చాయి. పిల్లలు బతికారు, కాని వేలాదిమందికి చూపు పోయింది. ఈ కంటి జబ్బును 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే డాక్టర్ వర్ణించాడు. ప్రాణవాయువు మీద అనుమానాన్ని 1951లో మెల్‌బోర్న్‌లో డాక్టర్ కేట్ క్యాంప్‌బెల్ బయటపెట్టింది. అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి 1953-54లో చేసిన పరీక్ష దానిని ధ్రువపరచింది. అలాగని ప్రాణవాయువును మరీ తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. మామూలు గాలిలో అది సుమారు 21 శాతం. ఒక్కొక్క బిడ్డకు అవసరమైనంత మాత్రమే కలిపి ఇవ్వాలి. 1970లలో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన పద్ధతితో వచ్చిన పల్స్ ఆక్సీమీటర్, సూది గుచ్చకుండానే రక్తంలోని ప్రాణవాయువు స్థాయిని చూపి ఈ పనిని సులభం చేసింది.

ఇక మన సంగతి. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కంపెనీ ఆసుపత్రి పూర్వవైభవమూ పోయింది. ఇక్కడి బిడ్డకు పెద్ద వైద్యం కావాలంటే కోలారుకు సుమారు 30 కిలోమీటర్లు, బెంగళూరుకు దాదాపు 100 కిలోమీటర్లు వెళ్లాలి. యంత్రం ఆసుపత్రిలో ఉంది, బిడ్డ దారిలో ఉంది. అరలు ముడుచుకుపోవడానికి ఆ దారి చాలు.

ఈ దారినే బెంగళూరులోని కొయో ల్యాబ్స్ ఇంజనీర్లు తమ సమస్యగా తీసుకున్నారు. వారి సీప్యాప్ పరికరం పేరు ‘సాన్స్’, హిందీలో ఊపిరి అని అర్థం. గోడలోని కరెంటుతో, వాహనం కరెంటుతో, బ్యాటరీతో నడుస్తుంది. ఏదీ లేకపోతే చేత్తో గాలి కొట్టి నడపవచ్చు. ఈ కృషికి నితేశ్ కుమార్ జంగిర్‌కు 2019లో కామన్వెల్త్ పురస్కారం లభించింది. అటు కంటిచూపు విషయంలో నారాయణ నేత్రాలయకు చెందిన డాక్టర్ ఆనంద్ వినేకర్ 2008లో ‘కిడ్‌రాప్’ ప్రారంభించారు. శిక్షణ పొందిన సిబ్బంది కెమెరాతో జిల్లా ఆసుపత్రులకు వెళ్లి పసికందుల కంటిపొరను చిత్రిస్తారు, దూరాన ఉన్న నిపుణులు పరిశీలిస్తారు. ఒక కృషి దారిలో ఊపిరిని కాపాడేందుకు, మరొకటి బతికిన బిడ్డ చూపును కాపాడేందుకు. రెండూ జతగా ఉంటేనే ఆ బిడ్డకు పూర్తి న్యాయం.

తల్లిదండ్రులారా, అత్తమ్మలారా, మీకు నాలుగు మాటలు. నెలలు నిండకుండా నొప్పులు వస్తే ఇంట్లో కాచుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాన్పుకు ముందే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ సూదిమందు బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తుందని న్యూజిలాండ్ వైద్యులు 1972లోనే చూపారు. పుట్టిన బిడ్డ మూలుగుతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా ఆలస్యం చేయకండి. ఆసుపత్రి మార్చవలసి వస్తే, దారిలో బిడ్డ ఊపిరికి ఏం ఏర్పాటు ఉందని ధైర్యంగా అడగండి. 34 వారాలలోపు పుట్టినా, 2 కిలోలలోపు బరువున్నా, 30 రోజులు నిండేలోగా కంటిపరీక్ష చేయించండి.

మన తాతలు భూమి లోపల మూడు కిలోమీటర్ల దిగువకు గాలిని చేర్చిన చోటు ఇది. నేలమీద 100 కిలోమీటర్ల దారిలో ఒక పసికందుకు 5 సెంటీమీటర్ల నీటి పీడనంతో గాలి అందించడం మనకు అసాధ్యం కాకూడదు.