పవర్ ప్లగ్గు ఎందుకు పెద్దదైంది?

గోడ మీద రెండు కొలతల సాకెట్లు, ఫ్యానుకో టీవీకో చిన్నది, గీజరుకు పెద్దది, ఉండే పద్ధతి భారతదేశానికి బ్రిటన్ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్నది అగ్నిప్రమాద భయం.

విద్యుత్తు ఇళ్లలోకి మొదట దీపాల కోసమే వచ్చింది. 1882లో లండన్‌లోని టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘం వెలువరించిన తొలి వైరింగ్ నియమాలు కూడా విద్యుద్దీపాల వల్ల ఇళ్లు అంటుకోకుండా చూడటానికి రాసినవే. తర్వాత ఇస్త్రీపెట్టెలు వచ్చాయి. వాటిని బల్బు హోల్డరుకే తగిలించి వాడేవారు. దీపానికి వేసిన సన్న తీగ ఆ భారానికి కాగిపోయేది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 5 ఆంపియర్ల చోట 15 పారితే వేడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. అందుకే తీగకు తగ్గ ఫ్యూజు, ఆ రెండింటికీ తగ్గ సాకెట్ ఉండాలన్న సూత్రం స్థిరపడింది.

1934 నాటి బ్రిటిష్ స్టాండర్డ్ 546 ఆ సూత్రాన్ని పిన్నుల్లోకే దింపింది. 5 ఆంపియర్ల ప్లగ్గులో కరెంటు పిన్నుల మందం 5.08 మిల్లీమీటర్లు, వాటి మధ్య దూరం 19.05. 15 ఆంపియర్ల ప్లగ్గులో అవి 7.06, 25.4. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్‌లో దూరనే దూరదు. నియమం చదవని మనిషిని కూడా ఈ ఏర్పాటు ఆపగలదు.

అమెరికా ఇంత కచ్చితంగా పోలేదు. 1897లో మొదలైన అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ ఇప్పుడు 20 ఆంపియర్ల సర్క్యూట్‌పై ఒకటికి మించి సాకెట్లుంటే అవి 15 ఆంపియర్లవైనా ఒప్పుకుంటుంది. ఒకే ఒక్క సాకెట్ ఉంటే మాత్రం అది 20 ఆంపియర్లది కావాలి.

బ్రిటన్ కూడా తన పాత దారి విడిచింది. రెండో ప్రపంచ యుద్ధానంతరం రాగి పొదుపు కావలసి వచ్చింది. 30 ఆంపియర్ల ఫ్యూజు కింద తీగను ఇల్లంతా వలయంగా తిప్పి, ఒకే రకం 13 ఆంపియర్ల సాకెట్లు పెట్టి, చిన్న ఫ్యూజును ప్లగ్గులోనే అమర్చారు. ఆ ప్రమాణం, బీఎస్ 1363, వెలువడింది 1947లో.

భారతదేశం గుండ్రటి పిన్నులనే ఉంచుకుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 ప్రకారం వాటి రేటింగులు నేడు 6, 16 ఆంపియర్లు. వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 దీపాల సర్క్యూట్‌ను పది పాయింట్లకు, 800 వాట్లకు పరిమితం చేసింది. పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు మించకూడదంది. పాత వైర్‌మెన్ లైట్లకు 'వన్ ఎయిటీన్' ఒంటి తీగ లాగితే, పవర్ ప్లగ్గుకు 'సెవెన్ ట్వంటీ' లాగేవారు, అంటే 20 గేజి పోగులు ఏడు.

రెండు కొలతల ప్లగ్గులూ పట్టే సాకెట్ వచ్చాక ఈ కట్టడి ఒక వైపు సడలింది. పెద్ద ఎంసీబీ, అంటే కరెంటు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్చు, గోడలోని లావు తీగను కాపాడుతుంది గానీ, అదే సాకెట్‌లో పెట్టిన టేబుల్ ల్యాంపు సన్న తీగ కాలుతున్నా ఒక్కోసారి పడిపోదు. బ్రిటన్ ప్లగ్గులోని చిన్న ఫ్యూజు కాపాడేది సరిగ్గా ఆ సన్న తీగనే.