నవయుగ పాఠశాలా విద్యాసంఘము (న్యూఢిల్లీ)

నవయుగ పాఠశాలా విద్యాసంఘము న్యూఢిల్లీ పురపాలక సంస్థ చేత స్థాపింపబడి, ఆ సంస్థ యిచ్చు గ్రాంటుతో నడచుచు, లాభాపేక్ష లేకుండ బడులను నిర్వహించు రిజిస్టరు సంఘము. దస్తావేజులలో దీని పేరు నవయుగ్ స్కూల్ ఎడ్యుకేషనల్ సొసైటీ. జనవ్యవహారమున నవయుగ్ స్కూళ్ళన్నంతనే ఎల్లరకును తెలియును. తొలి బడి 1973వ సంవత్సరమున సరోజినీ నగర్‌లో తెరవబడినది. కాలక్రమమున వీని సంఖ్య 11కు పెరిగినది. లక్ష్మీబాయి నగర్, మోతీబాగ్, పేష్వా రోడ్డు, మందిర్ మార్గ్, జోర్‌బాగ్, పండారా పార్క్, వినయ్ మార్గ్ మున్నగు తావులలో నెలకొన్న యీ బడులు సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమము ననుసరించును, బాలురును బాలికలును కలిసియే చదువుదురు. తన ఆజమాయిషీలో నేరుగా బడులను నడపుచున్న ఒక పురపాలక సంస్థ, అంతటితో తృప్తి నొందక, విద్య కొఱకే వేఱొక సంఘమును నిర్మించి దానికి ధనమును నీడను సమకూర్చుట మనదేశమున తఱచుగా కానవచ్చు విషయము కాదు. దీని చరిత్రము నగరపాలనమునందును విద్యయందును ఆసక్తి గలవా రెల్లరును ఎఱుగదగినది.

నగరము - దాని బడులు

1911 డిసెంబరు 12వ తేదీని ఢిల్లీ దర్బారునందు రాజధాని కలకత్తా నుండి ఢిల్లీకి మార్పబడుననెడి ప్రకటన వెలువడిన పిదప, రైసినా గుట్ట చుట్టును క్రొత్త నగరము లేచినది. ఆ నగరపు పారిశుద్ధ్యాది కార్యములకై ఏర్పడిన పురపాలక సంఘము 1927లో న్యూఢిల్లీ మునిసిపల్ కమిటీ యను పేరు దాల్చినది. 1994 నాటి ప్రత్యేక చట్టముతో అదియే మండలిగా మాఱి నేటికిని ఎన్.డి.ఎం.సి. యను పొడి యక్షరములతో వ్యవహరింపబడుచున్నది. ఢిల్లీ రాజధాని ప్రాంతము 1,483 చదరపు కిలోమీటర్లు వ్యాపించియుండగా, ఈ సంస్థ యేలుబడిలోనిది సుమారు 43 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 2011 జనాభా లెక్కలలో ఇచటి నివాసులు 2,57,803 మంది.

రాష్ట్రపతి భవనము, పార్లమెంటు, రాయబార కార్యాలయములు, మంత్రుల బంగళాలు ఈ కొలది నేలయందే యుండుటచే ఇది సంపన్నుల నగరమని పరదేశి తలచుట సహజము. కాని ఆ బంగళాల పెరటి గోడల వెంబడి ఒక్కొక్క గదిగా కట్టిన సర్వెంటు క్వార్టర్లు కలవు. వానిలో వంటవాని కుటుంబము, తోటమాలి కుటుంబము, కారు డ్రైవరు కుటుంబము కాపురముండును. సరోజినీ నగర్, లక్ష్మీబాయి నగర్, మోతీబాగ్ వంటి సర్కారు కాలనీలు గుమాస్తాలతోను బంట్రోతులతోను నిండినట్టివి. ఇట్టి యింట పుట్టిన శిశువునకు ఒకవంక బారాఖంబా రోడ్డు మోడరన్ స్కూలు వంటి ఘనమైన ప్రైవేటు బడి కన్నుల కగపడుచునే యుండును గాని అందరాదు. వేఱొకవంక ఉచితమైన పురపాలక పాఠశాల ఉండును గాని, అచట చదివిన పిల్లవానికి పైచదువునకు దారి యే మేరకు తెరవబడునో తండ్రికి నమ్మకము కుదురదు. ఈ రెంటి నడుమ మిగిలిన వెలితిని పూరింపవలెనన్నదియే నవయుగ సంఘమునకు మూలమైన యూహ.

ఢిల్లీయందు పాఠశాలల యాజమాన్యము పలువురి మధ్య పంచబడియున్నది. 1957 నాటి చట్టముతో 1958లో నెలకొన్న ఢిల్లీ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యను మాత్రము చేపట్టగా, ఆపై తరగతులు ప్రధానముగా రాష్ట్ర విద్యాశాఖకు చెందినవి. దండు ప్రదేశమున కంటోన్మెంటు బోర్డు బడులు వేఱు. న్యూఢిల్లీ పురపాలక సంస్థ మాత్రము శిశుతరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకును తన బడులను తానే నడపుకొనుచు వచ్చినది. ఐదవ తరగతి ముగిసినంతనే పిల్లవాడు వేఱొక యాజమాన్యము చేతిలో పడక, ఒకే నీడలో పెరిగి పెద్దవాడగు వీలు ఇందుచే కలిగినది.

స్థాపనకు నేపథ్యము

1964-66 నడుమ డి.ఎస్. కొఠారీ అధ్యక్షతను పనిచేసిన విద్యాకమిషన్, ధనికుల బిడ్డలకొక బడియు పేదల బిడ్డలకొక బడియు నుండుట జాతికి చేటని తెల్పి, ఎల్లరకును సమానమైన సార్వజనిక పాఠశాలా వ్యవస్థను, ఇరుగుపొరుగు పిల్లలందఱును చదువుకొను వాడబడిని సిఫారసు చేసినది. ఆ సిఫారసు నెరవేరుట ఎంతయు కష్టసాధ్యమని తేలిన దశయందు, పేదలలోని చురుకైన బాలబాలికల కైనను ఉత్తమవిద్య నందింతమన్న తలంపు పలుతావుల మొలకెత్తినది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నుండగా నాటి నల్లగొండ జిల్లా సర్వేలునందు వెలసిన గురుకుల పాఠశాలయు, 1972లో తాడికొండయందును కొడిగెనహళ్ళియందును వెలసినవియు ఈ తలంపునకు తెలుగునాట ప్రథమఫలములు. న్యూఢిల్లీయందు నవయుగ పాఠశాల వెలసినది సరిగా ఈ కాలముననే. సర్వేలు పల్లెబిడ్డను ఇల్లు విడిపించి వసతిగృహమున పెంచెను. నవయుగము పట్టణపు పేదబిడ్డను సాయంకాలమునకు తల్లియొద్దకే పంపుచు చదివించెను. ఉద్దేశ మొక్కటియే, పద్ధతి వేఱు.

న్యాయరూపము

ఈ సంఘమునకు ఆధారమైనది 1860వ సంవత్సరపు 21వ నెంబరు సంఘముల రిజిస్ట్రేషను చట్టము. ఏడుగురు కాని అంతకు మించి కాని వ్యక్తులు సాహిత్య, విజ్ఞాన, ధర్మకార్యముల నిమిత్తము ఒక నిబంధన పత్రముపై సంతకము చేసి దాఖలు చేసినచో సంఘ మేర్పడును. సంఘము రద్దయినను మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకొనుటకు వీలులేదు; అట్టిదే వేఱొక సంఘమునకు చెందవలెను. శతాధిక వత్సరముల నాటి యీ చట్టమును, ప్రజలే కాక ప్రభుత్వములును మిక్కిలిగా నుపయోగించుకొన్నవి. కేంద్రీయ విద్యాలయ సంఘటనము 1965 డిసెంబరు 15న రిజిస్టరైనది ఇట్టి సంఘముగనే. నవోదయ విద్యాలయ సమితి రూపము కూడ నిదియే.

పురపాలక సంస్థ తన శాఖ నొకదానిని పెంచుటకు మాఱుగా సంఘమును స్థాపించుటలో ప్రయోజన మేమనగా, కొంత స్వాతంత్ర్యము. కచేరీ పద్ధతిలో ఒక సంగీతోపాధ్యాయుని నియమింపవలెనన్న, ఆ పదవి మంజూరగుటకు ఫైలు విద్యాశాఖ నుండి అర్థశాఖకును, అచటినుండి సిబ్బందిశాఖకును పోయి, ఆక్షేపణలతో తిరిగివచ్చి, మరల పయనమగుచుండును; విద్యాసంవత్సరము ముగియును, పాట మొదలు కాదు. విద్య యొక్కటియే కార్యముగా గల పాలకవర్గము ఒకే సమావేశమున నిర్ణయింపగల విషయమిది. ఉపాధ్యాయుల నెన్నుకొనుట, పాఠ్యేతర కార్యక్రమములను తీర్చుట, ప్రధానోపాధ్యాయునకు కొంత చొరవ నిచ్చుట అను మూడు విషయములలో సంఘరూపము ఉపకరింపగలదు.

తొలి బడి పుట్టిన 1973లోనే ఢిల్లీ పాఠశాలా విద్యాచట్టమును వెలువడుట గమనింపదగినది. గుర్తింపు పొందిన ప్రతి బడికిని యాజమాన్య ప్రణాళిక యుండవలెననియు, గుర్తింపు పొందిన ప్రైవేటు బడి సిబ్బంది జీతభత్యములు తత్సమానమైన ప్రభుత్వ పాఠశాలలలో కంటె తక్కువ కారాదనియు ఆ చట్టము విధించినది. కావున ఢిల్లీయందు సంఘముల చేతిలోని బడి యనగా ఇచ్చవచ్చినట్లు నడుపుకొను బడి యని అర్థము కాదు.

ధనము - పరిపాలనము

నవయుగ సంఘమునకు పురపాలక సంస్థ అధ్యక్షుడే పెద్ద. వ్యయమునకు ఆధారము సంస్థ తన వార్షిక బడ్జెటునుండి యిచ్చు గ్రాంటు. ఈ గ్రాంటునకు మూలమేదో యొకసారి తఱచి చూడదగును. న్యూఢిల్లీ పురపాలక సంస్థ తన ప్రాంతమున విద్యుత్తును తానే పంపిణీ చేయును; కన్నాట్ ప్లేస్ మొదలగు విపణులలోని కట్టడములపై ఆస్తిపన్ను వసూలు చేయును; తన స్థలములలో వెలసిన హోటళ్ళనుండియు దుకాణములనుండియు లైసెన్సు రుసుమును గైకొనును. కన్నాట్ ప్లేస్ వరండాలో దీపములు వెలుగుచున్నంతకాలము ఆ కరెంటు బిల్లులోని యొక పాలు ఎచటనో పేష్వా రోడ్డు బడిలో ఉపాధ్యాయుని జీతముగా మాఱుచుండును. నగరమునందలి సంపద నగరమునందలి పేదబిడ్డకు చదువుగా తిరిగివచ్చుట కింతకంటె సరళమైన మార్గము లేదు. ఇచట దాతను వెదకవలసిన పనిలేదు, చందాపుస్తకముతో ఇల్లిల్లు తిరుగవలసిన పనిలేదు.

ఐనను ఒక చిక్కు కలదు. ఒకే నగరములో, ఒకే ధనముతో జీతము పుచ్చుకొను ఇద్దఱు ఉపాధ్యాయులలో ఒకడు పురపాలకోద్యోగి, వేఱొకడు సంఘోద్యోగి యగును. వేతనము, పదోన్నతి, పింఛను అను విషయములలో సమానత కావలెనను ప్రశ్న ఇట్టి సంఘములన్నింటను తప్పక తలయెత్తుచుండును. ఉపాధ్యాయుని మనస్సు నెమ్మది లేనిచోట పాఠము నిలువదు గనుక, స్వాతంత్ర్యము పేరిట సిబ్బంది భద్రతను తగ్గింపరాదు.

ప్రవేశము

ఆర్థికముగా వెనుకబడిన కుటుంబములలోని ప్రతిభావంతులైన శిశువుల నెన్నుకొని ఉచితముగా చదివించుట ఈ బడుల తొలి సంకల్పము. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణచే విద్య ప్రాథమిక హక్కై, దాని ననుసరించి 2009లో చేయబడిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన పిదప, ప్రతిభను పరీక్షించి చిన్నపిల్లలను ఏఱుట యను భావమునకే దేశమున ఎదురుదెబ్బ తగిలినది. ప్రవేశ సమయమున శిశువును గాని తలిదండ్రులను గాని వడబోయరాదని ఆ చట్టపు 13వ విభాగము శాసించుచున్నది. అదే చట్టపు 21వ విభాగము పాఠశాలా నిర్వహణ సంఘములను విధించి, వానిలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులును సంరక్షకులును, మొత్తముమీద సగము స్త్రీలును ఉండవలెననెను. పై నుండి నగరము కట్టిన సంఘమునకు, క్రింద నుండి తల్లుల కట్టుబాటు తోడగుటకు చట్టమే దారి చూపినది.

సజాతీయ సంస్థలు

ఢిల్లీయందు తెలుగువారికి అత్యంత సన్నిహితమైన సంస్థ ఆంధ్ర విద్యాసంఘము. 1948లో దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) పూనికతో నిది వెలసినది. 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించి, 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలై రాజధానికి వచ్చిన ఆ సాధ్వి, ఉద్యోగార్థము తరలివచ్చిన తెలుగు కుటుంబముల బిడ్డలు మాతృభాషకు దూరము కారాదని తలపోసెను. ఆ సంఘము బడులు నేడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్, ప్రసాద్ నగర్, జనక్‌పురి, పుష్ప్ విహార్ అను నాలుగు తావుల నున్నవి. వీధిలో హిందీ, పుస్తకములో ఇంగ్లీషు నడుమ తెలుగు ఓనమాలు దిద్దు బాలుడు కేవలము ఆంధ్రుడే కానక్కఱలేదు. ఇరుగుపొరుగున నున్న ఏ భాషవాడైనను ఆ బడిలో చేరవచ్చును. ఢిల్లీ తమిళ విద్యాసంఘము ఏడు బడులను నడపుచున్నది. ఇవి ప్రజలు స్థాపింపగా ప్రభుత్వము చేయూత నిచ్చినవి. నవయుగము నగరమే స్థాపించి నగరమే పోషించునది.

గ్రామీణ ప్రతిభను పోషించుటకై నవోదయ విద్యాలయములు 1985-86లో హర్యానాయందలి ఝజ్జర్‌లోను మహారాష్ట్రమందలి అమరావతిలోను ఆరంభమైనవి. సర్వేలు గురుకులమునకు ప్రాణము పోసిన పి.వి. నరసింహారావే అప్పుడు కేంద్రమున మానవ వనరుల అభివృద్ధి మంత్రి. విదేశములలో న్యూయార్కు నగరమున 1982లో ఏర్పడిన ఫండ్ ఫర్ పబ్లిక్ స్కూల్స్ అను లాభరహిత సంస్థ వేఱొక తీరునది. అది బడులను తాను నడపదు, వ్యక్తులనుండియు ధర్మనిధులనుండియు విరాళములు సేకరించి నగర పాఠశాలల కందించును. న్యూయార్కు పద్ధతిలో దాతల యుదారత ప్రధానము, న్యూఢిల్లీ పద్ధతిలో పన్ను ప్రధానము. దాత మనస్సు ఏటికేడు మాఱవచ్చును. శాసనసిద్ధమైన పన్నునకు అట్టి చాంచల్యము లేదు.

గుణదోష విచారము

నవయుగ ప్రయోగము నిరూపించిన దొకటి కలదు: పేదబిడ్డకు మంచి బడి కావలెనన్నచో ప్రైవేటువారి దయ యక్కఱలేదు, సంకల్పమును తగిన స్వాతంత్ర్యమును ఉన్నచో పురపాలక సంస్థయే దానిని కట్టగలదు. అది హెచ్చరించునదియు నొకటి కలదు: కొన్ని బడులకు ప్రత్యేక సంఘమును, ప్రత్యేక శ్రద్ధను ఒసంగినప్పుడు, అదే నగరమునందలి తక్కిన పురపాలక పాఠశాలలు రెండవ పంక్తికి జాఱు ప్రమాదము కలదు. ఏఱి చేర్చుకొన్న పిల్లల యుత్తీర్ణత చూచి మురిసి, ఏఱబడని పిల్లల నెవ్వరును విచారింపకున్నచో, కొఠారీ కమిషన్ నిందించిన భేదమే వేఱొక రూపమున మరల పుట్టినట్లగును.

కావున ఇట్టి సంఘములను స్థాపింపనెంచు నగరములు మూడు నియమములను పాటింపవలెను. మొదటిది, సంఘమును స్థాపించినను విద్యాబాధ్యత నగరమునదే. గ్రాంటు తగ్గించుటకు సంఘము సాకు కారాదు. రెండవది, సంఘపు బడిలో ఫలించిన పద్ధతి గడువు పెట్టుకొని తక్కిన బడులకెల్ల వ్యాపింపవలెను. మూడవది, లెక్కలును నిర్ణయములును తలిదండ్రుల యెదుట బహిరంగముగా నుంచవలెను. విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదు, వరంగల్లు నగరపాలక సంస్థలకును ఆస్తిపన్ను కలదు, పేదబిడ్డలును కలరు. ఆ పన్నులో విద్యకు దక్కు పాలెంతయో ప్రతి యేడు బడ్జెటు సమయమున అడిగి తెలిసికొనుట పౌరుల హక్కు మాత్రమే కాదు, విధియు నగును.