టార్చిలైటు కొనేముందు: వెలుతురు, బ్యాటరీ, డ్రైవర్, రంగు పోల్చి చూడటం ఎలా?

టార్చిలైటు విలువ కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమ, యానాం ప్రాంతాన్ని కుదిపేసిన తుఫాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ మన ఇళ్లను రోజుల తరబడి చీకట్లో ఉంచాయి. కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లో రాత్రి కరెంటు వచ్చాక పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లేవారికి అది రోజూ కావలసిన వస్తువే. కట్లపాము తిరిగేది కూడా రాత్రిపూటే. అందుకే డబ్బా మీద ఉన్న పెద్ద అంకెను చూసి కాకుండా, నాలుగు విషయాలు పోల్చి చూసి కొనాలి.

వెలుతురు: ల్యూమెన్లు, క్యాండెలాలు

టార్చి నుంచి అన్ని వైపులకూ కలిపి వచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో చెబుతారు. ఒకే దిక్కున అది ఎంత తీవ్రంగా పడుతుందో చెప్పేది క్యాండెలా. ల్యూమెన్లు ఎక్కువున్నా అద్దం వెడల్పుగా పరిస్తే దూరం కనిపించదు. ల్యూమెన్లు తక్కువైనా లోతైన రిఫ్లెక్టరు ఉంటే పొలం అవతలి గట్టు కనిపిస్తుంది.

డబ్బా మీద రాసే దూరానికి లెక్క ఇది: క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 2,500 క్యాండెలాలకు 100 మీటర్లు, 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. అయితే ఆ చివరి దూరంలో పడేది దాదాపు పున్నమి వెన్నెలంత వెలుతురే. వస్తువును పోల్చుకోవాలంటే అందులో సగం దూరమే లెక్కలోకి తీసుకోండి.

మన కన్ను వెలుతురును అంకెల లెక్కన చూడదు. 500 ల్యూమెన్ల టార్చి 250 ల్యూమెన్లదానికి రెట్టింపుగా అనిపించదు. రెట్టింపు అనిపించాలంటే సుమారు నాలుగు రెట్లు కావాలి. కాబట్టి 900కూ 1,000కీ తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఎంతసేపు వెలుగుతుంది?

ఆన్సీ ఎఫ్‌ఎల్1 అనే అమెరికా ప్రమాణం 2009లో వచ్చింది. పేరున్న కంపెనీలు దాని ప్రకారమే అంకెలు ఇస్తాయి. వెలిగించిన 30 సెకన్లకు ఉన్న వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయాన్ని ఆ ప్రమాణం రన్‌టైమ్ అంటుంది. మెలిక ఇక్కడే ఉంది.

18650 అనే లిథియం సెల్ 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. 3,000 ఎంఏహెచ్ సెల్‌ను 3.6 వోల్టులతో గుణిస్తే 10.8 వాట్ అవర్లు. ఒక్కో వాట్‌కు 100 ల్యూమెన్లు వస్తాయనుకుంటే:

- 100 ల్యూమెన్లు: సుమారు 11 గంటలు
- 300 ల్యూమెన్లు: సుమారు మూడున్నర గంటలు
- 1,000 ల్యూమెన్లు: గంట పైచిలుకు

మరి అదే సెల్‌తో '1,000 ల్యూమెన్లు, 8 గంటలు' అని ఎలా రాస్తారు? మొదటి మూడు నిమిషాలు 1,000 ఇచ్చి, తర్వాత 130కి దిగి, అలా 8 గంటలు లాగినా ప్రమాణం ప్రకారం తప్పు కాదు. అందుకే సమయంతోపాటు వెలుతురు ఎలా తగ్గుతుందో చూపే గీత కూడా ఉందేమో చూడండి. ఇంకో మాట: 18650 సెల్‌కు నిజమైన గరిష్ఠ సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. దాని మీద 9,900 అని రాసి ఉంటే ఆ సెల్ కొనకండి.

డ్రైవర్ పని

బ్యాటరీకీ ఎల్‌ఈడీకీ మధ్య కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూట్‌ను డ్రైవర్ అంటారు. చవక టార్చిల్లో దాని బదులు ఒక రెసిస్టరే ఉంటుంది. బ్యాటరీ దిగేకొద్దీ వెలుతురూ దిగుతుంది.

లీనియర్ డ్రైవర్ ఎక్కువైన వోల్టేజిని వేడిగా పారబోస్తుంది. ఎల్‌ఈడీకి 3 వోల్టులు కావాలి, నిండు సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది అనుకోండి. అప్పుడు ఎల్‌ఈడీకి చేరేది 71 శాతమే. సెల్ 3.6కు దిగాక అది 83 శాతం అవుతుంది. బక్, బూస్ట్ రకాలు వోల్టేజిని మార్చి ఇస్తాయి. మంచివైతే 90 శాతం దాకా అందిస్తాయి, చివరిదాకా వెలుతురును దాదాపు ఒకే తీరుగా ఉంచుతాయి.

తక్కువ వెలుతురు ఇవ్వడానికి కొన్ని టార్చిలు ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. ఫోన్ కెమెరాలో నల్ల చారలు కనిపిస్తే అదే సంగతి. నిజంగా కరెంటునే తగ్గించే డ్రైవర్‌తో కన్నుకు హాయి, బ్యాటరీకీ ఆదా.

వెలుగు రంగు

రంగు ఉష్ణోగ్రతను కెల్విన్లలో చెబుతారు. పాత ఫిలమెంటు బల్బు పసుపు వెలుగు 3,000 లోపు, నీలి ఛాయ ఎల్‌ఈడీలు 6,500, ఆపైన. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్ఐ, దానికి గరిష్ఠం 100. మామూలు ఎల్‌ఈడీలకు 70 దగ్గర, మంచివాటికి 90 పైన ఉంటుంది.

ఇది సోకు కోసం కాదు. ఎరుపు తక్కువున్న నీలి వెలుగులో ఎండుటాకులూ మట్టీ రక్తపింజర గోధుమ రంగూ కలిసిపోయినట్టుంటాయి. దెబ్బ తగిలినప్పుడు రక్తాన్ని గుర్తించడమూ కష్టమే. అయితే సీఆర్ఐ పెరిగితే అదే కరెంటుకు ల్యూమెన్లు కొంత తగ్గుతాయి. ఇంటికీ పొలం గట్టుకూ 4,000 నుంచి 5,000 కెల్విన్లు, 90 సీఆర్ఐ మంచి మధ్యేమార్గం.

ఇంట్లోనే పోల్చుకోండి

- చీకటి గదిలో టార్చిని కప్పు వైపు నిలబెట్టండి. లక్స్ కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ను కొంచెం దూరంలో పెట్టండి. వెలిగించిన అర నిమిషానికి ఒకసారి, తర్వాత పది నిమిషాలకోసారి అంకె రాసుకోండి. ఫోన్ అంకె కచ్చితం కాకపోయినా, ఒకే చోట ఒకే ఫోన్‌తో రెండు టార్చిలను పోల్చడానికి చాలు.
- అంకె సగానికి ఎప్పుడు పడిందో చూడండి. మీకు పనికొచ్చే రన్‌టైమ్ అదే.
- పళ్లెంలో కుంకుమ, పసుపు, ఎండుమిరపకాయ, కరివేపాకు పెట్టి రెండు వెలుగుల్లో చూడండి. కుంకుమ నల్లబడినట్టు కనిపిస్తే రంగు నాణ్యత తక్కువని అర్థం.

జాగ్రత్తలు

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే చవక టార్చిల్లో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. చార్జింగ్‌లో ఉండగా విప్పినా, తడి చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పిల్లలకు అందకుండా పెట్టండి. వాటిలోని 4 వోల్టుల లెడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే చెడిపోతుంది కాబట్టి నెలకోసారి చార్జ్ చేయండి. మామూలు సెల్స్ వేసేదైతే, వాడని రోజుల్లో సెల్స్ తీసి పక్కన పెట్టండి. కారితే టార్చి పాడవుతుంది.

తుఫాను కాలం మొదలయ్యే ముందే ఒక రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, మీ టార్చి ఎంతసేపు వెలుగుతుందో చూసుకోండి.