చిగుళ్ల సందులో మందు

చిగుళ్లు వాచి రక్తం కారితే ఉత్తరాంధ్ర పల్లెల్లో ముందుగా అందుకునేది ఉప్పునీళ్లు, పటిక, వేపపుల్ల. జబ్బున్న చోటే మందు పెట్టాలన్న ఆలోచన సుశ్రుతుడిలోనూ ఉంది. చిగుళ్లకు మందుపొడి రుద్దడం, కషాయం పుక్కిట పట్టడం ఆయన చెప్పిన చికిత్సలే.

చిక్కల్లా లోతులోనే. జబ్బు ముదిరితే పంటికీ చిగురుకీ నడుమ సందు పడుతుంది. పుక్కిలించిన మందు అందులోకి దిగదు. దిగినా, లోపలి నుంచి ఊరే ద్రవం దాన్ని బయటికి తోసేస్తుంది. మాత్ర మింగితే ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరేది కొంచెమే.

1979లో బోస్టన్‌లో పరిశోధకుడు మాక్స్ గుడ్‌సన్ బృందం బోలు పోగుల్లో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నింపి ఆ సందులో పెట్టింది. మందు గంటల్లోనే ఖాళీ అయిపోయింది. తర్వాత వచ్చిన పోగు పది రోజులు నిలిచింది. దానికి అమెరికాలో 1994లో అనుమతి దొరికింది. అయితే దాన్ని మళ్లీ తీయించుకోవాలి. ఆ బెడద 1998లో తీరింది: 2.5 మిల్లీగ్రాముల క్లోర్‌హెక్సిడిన్ ఉన్న జెలటిన్ చిప్, డాక్సీసైక్లిన్ జెల్, రెండూ వాటంతటవే కరిగిపోతాయి. 2001లో మినోసైక్లిన్ సూక్ష్మగోళాలు వచ్చాయి. మన దేశంలో చేప కొల్లాజెన్‌తోనూ చిప్ తయారైంది.

ఈ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో పెద్దది ఆరియోమైసిన్. దాన్ని కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ శాస్త్రవేత్త డగ్గర్. ఆ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, ఆ ఏడే ఆయన పోయారు.

ఇక మన ఉత్తరాంధ్ర జిల్లాల సంగతి వేరు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే అడ్డచుట్ట ఇక్కడి పల్లెల్లో కొందరు ఆడవాళ్ల అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల్ని పరీక్షించి పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లో అచ్చువేసిన అధ్యయనం అంగిలి మీది మచ్చల గురించి. నష్టం అంగిలితో ఆగదు. పొగాకు చిగుళ్ల రక్తస్రావాన్ని తగ్గించి జబ్బును దాచేస్తుంది, చికిత్సకు ఫలితాన్నీ తగ్గిస్తుంది.

అందుకే చిప్‌ను మహత్తుగా చెప్పేవారి మాట నేను నమ్మను. గార తీయించకుండా, చుట్ట మానకుండా అది పెట్టించుకోవడం డబ్బు దండగ. శుభ్రం చేశాక కూడా మానని లోతైన సందు ఒకటి రెండు చోట్ల మిగిలితే, అప్పుడది పనికొస్తుంది. రక్తం కారుతుంటే సరే, చుట్ట తాగేవారు రక్తం కనబడకపోయినా శ్రీకాకుళం దగ్గరి చాపురం దంతవైద్య కళాశాలకో, దగ్గర్లోని పళ్ల డాక్టరుకో ఒకసారి చూపించుకోండి.