సంకేతాలు మరియు వ్యవస్థలు

సంకేతాలు మరియు వ్యవస్థలు అనునది ఇంజనీరింగు విద్యలో ఒక మౌలిక పాఠ్యాంశం. కాలంతో గాని, స్థలంతో గాని మారుతూ ఏదైనా సమాచారాన్ని అందించే రాశిని సంకేతం అంటారు. ఒక సంకేతాన్ని స్వీకరించి మరొక సంకేతంగా మార్చి ఇచ్చేదానిని వ్యవస్థ అంటారు. సంకేతాన్ని వేరొక రూపంలో వ్రాసి, అందులో దాగి ఉన్న విషయాన్ని వెలికితీసే గణిత ప్రక్రియ పరివర్తన. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతపు సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు పైనున్న రాతిపొరలను తొలగించడానికి పేలుళ్ళు జరుపుతారు. ఇటువంటి పేలుళ్ళ వలన కలిగే నేల కంపనాలు ఈ మూడు భావనలకూ చక్కని ఉదాహరణ.

సంకేతం

రామగుండం విద్యుత్కేంద్రం నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తు ఒక సరళమైన సంకేతం. దీని పౌనఃపున్యం 50 హెర్ట్జ్, అనగా ఒక్కొక్క ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది దాదాపు శుద్ధమైన సైన్ తరంగం కనుక పౌనఃపున్యం, కంపన పరిమితి, దశ అనే మూడు సంఖ్యలతో దీనిని పూర్తిగా వర్ణించవచ్చును. పేలుడు వలన కలిగే నేల కంపనం ఇటువంటిది కాదు. అది హఠాత్తుగా మొదలై, క్రమం లేకుండా ఊగి, క్రమంగా అణగిపోతుంది. దీనిని జియోఫోన్ అనే పరికరంతో మూడు లంబ దిశలలో నమోదు చేస్తారు. కొలిచే రాశి నేల కణాల వేగం. దీని గరిష్ఠ విలువను సెకనుకు మిల్లీమీటర్లలో తెలుపుతారు.

వ్యవస్థ

పేలుడు ప్రవేశ సంకేతం అనుకొంటే, ఇంటి పునాది వద్ద కలిగే కంపనం నిర్గమ సంకేతం. మధ్యనున్న రాయి, మట్టి కలిసి ఒక వ్యవస్థ. ప్రవేశ సంకేతాన్ని రెట్టింపు చేస్తే నిర్గమ సంకేతం కూడా రెట్టింపై, రెండు సంకేతాలను కలిపి పంపినపుడు వాటి ఫలితాలు కూడా కలిసి వస్తే ఆ వ్యవస్థను రేఖీయ వ్యవస్థ అంటారు. పేలుడు జరిగిన చోట రాయి చితికిపోతుంది కనుక అక్కడ ఈ నియమం వర్తించదు. దూరంగా, కంపనాలు చిన్నవైన చోట సుమారుగా వర్తిస్తుంది.

నేల అధిక పౌనఃపున్యాలను త్వరగా గ్రహించివేస్తుంది. అందువలన దూరం పెరిగిన కొద్దీ కంపన తీవ్రత తగ్గినా, మిగిలినదానిలో అల్ప పౌనఃపున్యాల పాలు పెరుగుతుంది. ఇల్లు కూడా ఒక వ్యవస్థయే. ఒకటి, రెండు అంతస్తుల ఇళ్ళ సహజ పౌనఃపున్యం సాధారణంగా 4 నుండి 12 హెర్ట్జ్ వరకు ఉంటుంది. నేల కంపనం ఇదే పరిధిలో ఉంటే అనునాదం వలన ఇల్లు నేలకంటె ఎక్కువగా ఊగుతుంది.

ఫోరియర్ పరివర్తన

ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ (1768–1830) ఉష్ణ ప్రసరణను పరిశోధిస్తూ, ప్రమేయాలను సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా వ్రాయవచ్చునని 1807లో ప్రతిపాదించాడు. లగ్రాంజ్ దీనిని అంగీకరించలేదు. ఫోరియర్ గ్రంథం 1822లో వెలువడినది. ఆయన పేరున ఏర్పడిన పరివర్తన, సంకేతంలో ఏ పౌనఃపున్యం ఎంత పాలు ఉన్నదో తెలుపుతుంది. ఈ ఫలితాన్ని పౌనఃపున్య వర్ణపటం అంటారు.

లాప్లాస్ పరివర్తన అవకలన సమీకరణాలను బీజగణిత సమీకరణాలుగా మారుస్తుంది. విడివిడి నమూనాలతో కూడిన సంకేతాలకు జడ్ పరివర్తన ఇటువంటి పని చేస్తుంది.

కంపనాల పరిమితులు

గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో జారీ చేసిన 7వ సాంకేతిక సర్క్యులరులో, గని యాజమాన్యానికి చెందని నివాస గృహాల వద్ద అనుమతించదగిన గరిష్ఠ కణ వేగం ప్రధాన పౌనఃపున్యాన్ని బట్టి ఈ విధంగా ఉన్నది:

* 8 హెర్ట్జ్ కంటె తక్కువ: సెకనుకు 5 మి.మీ.
* 8 నుండి 25 హెర్ట్జ్ వరకు: సెకనుకు 10 మి.మీ.
* 25 హెర్ట్జ్ కంటె ఎక్కువ: సెకనుకు 15 మి.మీ.

ఉదాహరణకు ఒక ఇంటి వద్ద సెకనుకు 7 మి.మీ. వేగం నమోదైనదనుకొందాం. ప్రధాన పౌనఃపున్యం 30 హెర్ట్జ్ అయితే అది పరిమితికి లోబడినది. 6 హెర్ట్జ్ అయితే పరిమితిని మించినది. వేగాన్ని పౌనఃపున్యానికి 2పై రెట్లతో భాగిస్తే స్థానభ్రంశం వస్తుంది. మొదటి సందర్భంలో ఇది సుమారు 0.04 మి.మీ., రెండవ సందర్భంలో 0.19 మి.మీ. వేగం ఒకటే అయినా నేల అయిదు రెట్లు ఎక్కువగా కదిలినది. కనుక పేలుళ్ళపై గ్రామస్థులకు, గని యాజమాన్యానికి మధ్య వివాదం వచ్చినపుడు వేగం ఒక్కటే చెబితే చాలదు, పౌనఃపున్యం కూడా చెప్పవలెను.

కంపనాన్ని తగ్గించడానికి రంధ్రాలలోని మందుగుండును ఒకేసారి కాక, డిలే డిటోనేటర్లతో కొన్ని మిల్లీసెకన్ల తేడాతో పేలుస్తారు. 25 మిల్లీసెకన్ల సమాన వ్యవధితో పేల్చితే వర్ణపటంలో 40 హెర్ట్జ్ వద్ద శిఖరం ఏర్పడే అవకాశం ఉన్నది.

నమూనాల సేకరణ

కంప్యూటరుతో విశ్లేషించుటకు సంకేతాన్ని సమాన కాలవ్యవధులలో కొలిచి సంఖ్యలుగా మార్చవలెను. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకోవలెనని నైక్విస్ట్ (1928), షానన్ (1949)ల కృషి వలన స్థిరపడినది. 250 హెర్ట్జ్ వరకు ఉన్న కంపనానికి సెకనుకు 500 కంటె ఎక్కువ నమూనాలు కావలెను.

1024 నమూనాలకు ఫోరియర్ పరివర్తనను నేరుగా గణిస్తే 10,48,576 గుణకారాలు చేయవలసి వస్తుంది. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన వేగ ఫోరియర్ పరివర్తన పద్ధతిలో సుమారు 5,120 సరిపోతాయి.

గమనించదగిన విషయాలు

ఒక సెకను కంపనాన్ని విశ్లేషిస్తే వర్ణపటంలో బిందువుల మధ్య దూరం 1 హెర్ట్జ్. అర సెకను మాత్రమే తీసుకొంటే అది 2 హెర్ట్జ్ అవుతుంది. అప్పుడు 7 హెర్ట్జ్‌నూ 8 హెర్ట్జ్‌నూ స్పష్టంగా వేరు చేయలేము. 8 హెర్ట్జ్ దగ్గర అనుమతి రెట్టింపు అవుతున్నది కనుక, నమోదు చేసిన కాలం ఎంతో కూడా నివేదికలో చూడవలెను. గోడల బీటలకు నల్లరేగడి నేల ఉబ్బి కుంగడం, పునాది లోపాలు కూడా కారణం కావచ్చును. కావున బీటలను పేలుళ్ళకు ముందు, తరువాత పరిశీలించి, వర్ణపటంతో కలిపి నిర్ణయించడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* ఫోరియర్ శ్రేణి
* లాప్లాస్ పరివర్తన
* అనునాదం
* సింగరేణి కాలరీస్