అద్దె నేలపై సొంతగూళ్ళు

అంతర్జాలంలో సొంతగూడు కట్టుకొని నలుగురినీ పిలిచే వేడుక బ్లాగులతో పుట్టినది కాదు. దానికొక పూర్వచరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ముందుగా తలచుకోవలసిన ఊరు జియోసిటీస్.

1994లో కాలిఫోర్నియాలో డేవిడ్ బానెట్, జాన్ రెజ్నర్ అనే ఇద్దరు దీనికి పునాది వేశారు. మొదటి పేరు బెవర్లీహిల్స్ ఇంటర్నెట్. 1995లో అడిగినవారికి ఉచితంగా జాగా ఇవ్వడం మొదలుపెట్టి, పేరును జియోసిటీస్‌గా మార్చారు. ఇందులోని సొగసంతా పేటల ఏర్పాటులో ఉన్నది. సాహిత్యమూ తత్త్వమూ ఇష్టమైనవారికి ఏథెన్స్, కంప్యూటర్ల వారికి సిలికాన్‌వ్యాలీ, సైన్స్ ఫిక్షన్ ప్రియులకు ఏరియా51. పేటలో ఖాళీగా ఉన్న నంబరు చూసుకొని ఇల్లు కట్టుకోవాలి. ఆ నంబరే చిరునామా. కొత్తగా దిగినవారికి హెచ్‌టీఎమ్మెల్ ఓనమాలు నేర్పడానికి జీతం లేని పెద్దలు కొందరు ఆ పేటల్లోనే ఉండేవారు.

అదే 1995లో ఆరెగాన్ రాష్ట్రపు కుర్రవాడు సేజ్ వైల్ వెబ్‌రింగ్‌ను తయారుచేశాడు. ఒకే అభిరుచి గల గూళ్ళవారు పుట అడుగున "ముందరిది", "తరువాతిది" అని రెండు లంకెలు పెట్టుకొంటారు. ఒక్కొక్క గడపే దాటుతూ పోతే చివరికి బయలుదేరిన ఇంటికే చేరుతాము. శోధనయంత్రాలు ఇంకా తప్పటడుగులు వేస్తున్న ఆ కాలంలో పాఠకునికి దారి చూపినది పొరుగువాడే.

1999లో యాహూ 350 కోట్ల డాలర్లకు పైబడిన విలువగల వాటాలిచ్చి జియోసిటీస్‌ను కొన్నది. ఆ యేడే వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, గూళ్ళలోని రాతలనూ బొమ్మలనూ సంస్థ తన ఇష్టానుసారం వాడుకోవచ్చును. నివాసులు ఊరుకోలేదు. పలువురు తమ పుటల రంగులు తీసివేసి, పాడుబడ్డ ఇళ్ళవలె బూడిదరంగులో నిలిపి నిరసన తెలిపారు. కొద్దిరోజుల్లోనే యాహూ వెనక్కు తగ్గింది. కాని పేటల చిరునామాలు పోయి, సభ్యనామాలతో కొత్త చిరునామాలు వచ్చాయి. పేట పోవడంతో పొరుగూ పలుచనైనది.

2009 అక్టోబరు 26న యాహూ ఆ ఊరిని మూసివేసింది. జపానులోని శాఖ మాత్రం 2019 మార్చి దాకా నిలిచింది. ఊరు మునిగేలోగా జేసన్ స్కాట్ స్థాపించిన ఆర్కైవ్ టీమ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అందినన్ని పుటలు ఒడ్డుకు చేర్చాయి. 2010లో ఆర్కైవ్ టీమ్ 600 గిగాబైట్లకు మించిన మూటను అందరికీ పంచిపెట్టింది.

తెలుగువారికి ఈ కథలో మరొక పాఠమున్నది. యూనికోడుకు ముందటి తెలుగు గూళ్ళలో పలుచోట్ల ఎవరి ఫాంటు వారిదే. అది దించుకొంటేనే పుట చదవగలం. అటువంటి పుటను నేడు ఎవరైనా భద్రపరచినా, ఆ ఫాంటు చేతిలో లేకపోతే కనబడేది లాటిన్ అక్షరాల కలగాపులగం మాత్రమే. ఇల్లు దక్కినా భాష దక్కదు. 1991నాటి తొలి యూనికోడులోనే తెలుగుకు చోటు దొరికినా, అది మన తెరలపైకి రావడానికి ఇంచుమించు దశాబ్దం పట్టింది.

2013లో కైల్ డ్రేక్ నియోసిటీస్ పేరిట అటువంటి ఊరినే మళ్ళీ నిలిపాడు. కనుక ఈ సరదా చచ్చిపోలేదు. అయితే ఉచితంగా దొరికిన నేల ఎప్పటికైనా అద్దె నేలే. రాసినదానికి ఒక ప్రతి మన పెట్టెలో దాచుకోవాలి. యూనికోడులోనే రాయాలి. పొరుగు గూటికి ఒక లంకె వేయాలి. ఊరు పోయిననాడు, మనలను గుర్తుపెట్టుకొని వెదికేది ఆ పొరుగువాడే.